కుడి బటను అవును, కింది బటను కాదు

2009 జూన్‌లో నన్ను తాడేపల్లిగూడెం షాపు నుంచి ఏలూరు షాపుకి మార్చారు. హోదా హెడ్ మెకానిక్. హోదా పెరిగింది గానీ బెంచీ చిన్నదైంది. అప్పటిదాకా నేను చేసిందల్లా టీవీలు, టేపురికార్డర్లు, స్టెబిలైజర్లు. ఏలూరులో మా యజమాని ప్రసాదు గారు వీడియో గేముల కౌంటరు తెరిచారు. ముందువైపు అమ్మకం, వెనకవైపు రిపేరు. వెనకవైపు నేనొక్కణ్ణే. హెడ్డు అని పేరే గానీ నా కింద ఎవరూ లేరు. నాకప్పటికి యాభై మూడేళ్ళు. ఆటలంటే ఆసక్తి లేదు, ఆడేవాళ్ళంటే గౌరవం అసలే లేదు. పని గనక వెళ్ళాను.

ఇంకో సంగతి ముందే చెప్పేయాలి. లేకపోతే మిగతాది అర్థం కాదు. నాకప్పటికి చదవడం రాదు, రాయడం రాదు. అత్తిలి దగ్గర పల్లెలో పుట్టి, పదకొండేళ్ళకి తాడేపల్లిగూడెంలో రేడియో షాపులో చేరాను. రెసిస్టరు మీద రంగు గీతలు చూసి దాని విలువ చెప్పేవాణ్ణి. బోర్డు చూస్తే కరెంటు ఎక్కడ బయల్దేరి ఎక్కడ ఆగిపోయిందో వేలుపెట్టి చూపించేవాణ్ణి. అక్షరం మాత్రం నాకు గోడ మీద మరకతో సమానం. ఈ సంగతి ప్రసాదు గారికి తెలుసు, కౌంటరులో రాతపని చూసే పద్మకి తెలుసు. కస్టమర్లకి తెలియదు. తెలియనివ్వలేదు.

పని పద్ధతి ఇలా ఉండేది. మిషను రాగానే పద్మ జాబ్ కార్డు రాసేది. అంటే మిషను ఎవరిది, ఏమైంది, దాంతోపాటు ఏమేం ఇచ్చారు అని రాసే అట్ట. రాసి నాకు చదివి వినిపించేది. అట్ట వెనక నేను నా గుర్తులు గీసుకునేవాణ్ణి. లెన్సు పని అయితే సున్నా, బటన్ల పని అయితే చుక్కలు, పవరు పని అయితే మెరుపు. రిపేరు అయ్యాక టెస్టింగు. స్క్రీను మీద ఏ రాత వచ్చినా పద్మే చదివి, తనే బటను నొక్కేది. నేను పక్కన నిలబడి మిషను శబ్దం వినేవాణ్ణి.

మొదటి వారంలోనే నా గౌరవం లేనితనం పోయింది. ఆటలు చూసి కాదు, ఆడేవాడు పట్టుకుని బటన్లు నొక్కే చేతిమిషను విప్పి చూసి.

కంపెనీల పేర్లు రాయను. వాళ్ళకి నా ప్రచారం అక్కర్లేదు. మా బెంచీ మీద వాడిన పేర్లే రాస్తాను. మొదటిది ప్లస్సు కంపెనీ. జపాను వాళ్ళది. మన సంతల్లో నూరు ఆటలు, వెయ్యి ఆటలు అని పసుపుపచ్చ క్యాసెట్టుతో అమ్మిన టీవీ గేములన్నీ వాళ్ళ మిషనుకి నకళ్ళే. ఎడంచేతి వైపు ప్లస్సు గుర్తు ఆకారంలో ఒకే బటను ఉంటుంది. విప్పి చూశాను. కింద ఒక రబ్బరు షీటు, నాలుగు కార్బను చుక్కలు, మధ్యలో శనగగింజంత దిమ్మ. ఆ దిమ్మ మీద బటను త్రాసులాగా ఊగుతుంది. ఎడమకి నొక్కితే కుడివైపు దానంతటదే లేస్తుంది. ఒకేసారి రెండు వైపులా నొక్కుదామన్నా కుదరదు. అప్పటిదాకా ఆటంటే గుప్పెటతో పట్టుకుని తిప్పే కర్ర అట. వీళ్ళు కర్ర తీసేసి మొత్తం పని బొటనవేలికి అప్పగించారు. నలభై ఏళ్ళు సామాన్లు విప్పినవాణ్ణి, ఇంత తక్కువ సామానుతో ఇంత పని చెయ్యడం ఎక్కడా చూడలేదు. ఆ రోజు భోజనం బల్ల మీద పెట్టుకుని ఆ దిమ్మనే చూస్తూ కూర్చున్నాను. పద్మ వచ్చి, "ఏవండీ బాబాయి గారూ, దానికి కూడా ఓ ముద్ద పెడతారా ఏవిటి?" అంది.

రెండోది బొమ్మల కంపెనీ. అదీ జపానుదే, మొదట్నుంచీ రేడియోలు, టీవీలు చేసినవాళ్ళు. కుడివైపు నాలుగు బటన్ల మీద అందరూ అక్షరాలు వేస్తే, వీళ్ళు త్రికోణం, సున్నా, ఇంటూ, చదరం వేశారు. చదువు రానివాడు కూడా గుర్తుపట్టగలిగిన మొదటి మిషను అది. క్యాసెట్టు తీసేసి డిస్కు పెట్టారు. దాంతో ఆటలో రోడ్లు, ఊళ్ళు, మాటలు, పాటలు అన్నీ పట్టాయి. పైగా అదే మిషనులో సినిమా డిస్కు కూడా తిరుగుతుంది. ఏలూరులో సగం మంది పెద్దవాళ్ళు సినిమా పేరు చెప్పుకుని కొన్నారు, పిల్లలు ఆడుకున్నారు. చేతిమిషను లోపల రెండు చిన్న మోటార్లు, వాటి ఇరుసుకి ఒకపక్కే బరువు. ఆటలో కారు గుద్దుకుంటే అరచేతిలో అదురు. ఆడినదంతా దాచుకోవడానికి అగ్గిపెట్టె పొడవు ముక్క ఒకటి, మెమరీ కార్డు. అది తీసి జేబులో వేసుకుని పక్క ఊరు పోయి, అక్కడి మిషనులో పెట్టి ఆపినచోటి నుంచి ఆడచ్చు.

మూడోది నెట్టు కంపెనీ. అమెరికాది, కంప్యూటర్ల వాళ్ళు. కొల్లేటి వైపు చేపల చెరువుల ఆసాముల ఇళ్ళ నుంచి వచ్చేవి అవి. ఇంటర్నెట్టు తీగ తగిలిస్తే ముఖం తెలియనివాడు ఏ దేశం నుంచో వచ్చి నీతో ఆడతాడు. ఈ తీగ ఆలోచన వాళ్ళకంటే ముందు ఇంకో కంపెనీ మిషనులోనే పెట్టిందట. ఆ కంపెనీ నష్టపోయి మిషన్లు చెయ్యడమే మానేసింది. ఓడినవాళ్ళ పని గెలిచినవాళ్ళ బోర్డులో కనిపిస్తుంది. విప్పేవాడికే తెలుస్తుంది ఆ సంగతి.

ఇక జరిగింది చెబుతాను.

అక్టోబరులో గుండుగొలను నుంచి రూతమ్మ టీచరు గారు ఆటోలో వచ్చారు. ఏలూరు మిషనరీ స్కూల్లో పనిచేసి రిటైరైన మనిషి. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. గుడ్డసంచిలోంచి బొమ్మల కంపెనీ మిషను తీయించి బల్ల మీద పెట్టించారు.

"ఏవయ్యా, మెకానిక్కువి నువ్వేనా?"

"ఆయ్, నేనేనండి."

"మిషను పోయినా పర్వాలేదు. ఈ మెమరీ ముక్కలో ఉన్నది మాత్రం పోకూడదు. నిన్నటి నుంచి మిషను దీన్ని గుర్తుపట్టడం లేదు."

"అందులో ఏవుందండీ?"

"చేపలు" అన్నారు.

పద్మ నవ్వాపుకోలేకపోయింది. టీచరు గారు అదేం పట్టించుకోలేదు. సంగతేమిటంటే, ఎక్సర్‌సైజు చేయించే అబ్బాయి ఆవిణ్ణి రబ్బరు బంతి పిసకమన్నాడు. బుర్రలేని పని నా వల్ల కాదని ఆవిడ బంతి విసిరేశారు. తణుకులో ఫ్యాక్టరీలో చేసే చెల్లెలి కొడుకు తన పాత గేము మిషను తెచ్చిచ్చాడు. అందులో చేపలు పట్టే ఆట ఒకటుంది. చేప గాలానికి తగలగానే కుడి బొటనవేలితో బటను టకటకా నొక్కితే తీగ చుట్టుకుంటుంది. వేలు ఆగిందా, చేప పోయినట్టే. పట్టిన ప్రతి చేప బరువు, తారీకు వరసగా ఆ ముక్కలో ఉంటాయి.

"మొదటిది పరిగె పిల్ల. దాన్ని లాగడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. మొన్న బొచ్చె పట్టాను, ఆరు కేజీలు. దానికి వాళ్ళేదో ఇంగ్లీషు పేరు పెట్టారులే, నేను చూశానుగా, అది బొచ్చే."

"పులుసు పెట్టేశారా టీచరు గారూ?" అంది పద్మ.

"నోర్మూసుకుని కార్డు రాయి."

జాబ్ కార్డు మీద కస్టమరు సంతకం కావాలి. ఆవిడ ముఖం పక్కకి తిప్పుకుని ఎడమ బొటనవేలు ముద్ర వేశారు. వేశాక నా వైపు తిరిగి, అడక్కుండానే చెప్పారు. "నవంబరులో పెన్షనుకి బతికున్నానని కాగితం ఇవ్వాలి. రెండేళ్ళుగా వేలిముద్రే. ఎంతమంది చేత అఆలు దిద్దించానో నాకే తెలియదు, నా పేరు నేను రాయలేను. ఈసారి సంతకం పెడతాను. చేప పెరిగే కొద్దీ పెన్ను నిలుస్తోంది. ఆ వరస చూసుకుంటేనే నాకు ధైర్యం. అందుకని జాగ్రత్త."

మిషను విప్పాను. కొల్లేటి గాలి తగిలే ఊళ్ళ నుంచి వచ్చే మిషన్లన్నిటిదీ ఒకటే జబ్బు, చిలుము. ముక్క దూర్చే చోట రాగి పిన్నుల మీద పచ్చగా పట్టింది. ముక్కకున్న పిన్నులూ అంతే. రబ్బరుతో రుద్ది, స్పిరిటుతో తుడిచి, ఆరబెట్టాను. అరగంట పని.

టెస్టింగుకి పద్మ లేదు. చెల్లెలి పెళ్ళి చూపులని మధ్యాహ్నమే ఇంటికెళ్ళింది. రేపు చేయిస్తే సరిపోయేది. నాకే తొందర. టీచరు గారి చేప నాకూ చూడాలనిపించింది, నిజం చెప్పాలంటే. మిషను పెట్టి, ఆట డిస్కు వేశాను. స్క్రీను మీద ఇంగ్లీషులో రెండు వరసలు, వాటి కింద రెండు చిన్న మాటలు వచ్చాయి. ప్రశ్న అడుగుతోందని తెలుస్తోంది. ఏం అడుగుతోందో తెలియదు. తెలియనప్పుడు వద్దనడం మంచిదని, వద్దు అనే బటను నొక్కాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ వద్దన్నాను. ఒక గీత ఎడమ నుంచి కుడికి నిండింది. తర్వాత ఆట మొదలైంది. చేపల పట్టిక తెరిస్తే ఒక్క చేప లేదు.

ఏం జరిగిందో ఇప్పుడు చెప్పగలను. పిన్నులు ఇంకా సరిగా ఆనలేదు. ముక్క చదవలేక మిషను, ఇది ఖాళీ ముక్కలా ఉంది, అంతా తుడిచి కొత్తగా తయారు చెయ్యనా అని అడిగింది. నేను వద్దనుకుని అవునన్నాను, అదీ రెండుసార్లు. ఎందుకంటే ప్లస్సు కంపెనీ మిషన్లలో కుడివైపు బటను అవును, కింది బటను కాదు. ఏలూరు వచ్చిన కొత్తలో నా బెంచీ మీదికి వచ్చినవన్నీ ఆ నకళ్ళే, పద్మ ఎటు నొక్కుతుందో చూసేవాణ్ణి. చదువు రాదు గనక నా వేలు స్థలాన్ని బట్టి నేర్చుకుంది. బొమ్మల కంపెనీ వాళ్ళు మన దేశంలో అమ్మిన మిషన్లలో అది తిరగబడి ఉంటుంది. కింది బటనే అవును.

ప్రసాదు గారికి చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. "ముక్క కాలిపోయిందని చెప్పు. కొత్త ముక్క ఊరికే ఇద్దాం. ఆవిడకేం తెలుస్తుంది" అన్నారు. మా వృత్తిలో అది అందరూ చెప్పే మాటే. కస్టమరు ఎదురు చెప్పలేడు, విప్పి చూసుకోలేడు. నేనూ టీవీల విషయంలో ఆ మాట చెప్పినవాణ్ణే, కాదనను. కానీ పిక్చర్ ట్యూబు కాలిపోయిందంటే ఇంకో ట్యూబు ఉంటుంది. ఇక్కడ ఆవిడ ధైర్యం చూసుకునే వరసని తుడిచేశాను. ఒకవేళ ముక్కదే తప్పని చెబితే, ఇంక కొత్త ముక్కని మాత్రం ఆవిడ ఎందుకు నమ్ముతారు? నమ్మకపోతే ఆట ఆపేస్తారు. నెల రోజుల్లో నవంబరు కాగితం.

మర్నాడు మిషను సంచిలో పెట్టుకుని గుండుగొలను బస్సెక్కాను. వరండాలోనే చెప్పేశాను. "టీచరు గారండీ, చేపలన్నీ నా వల్లే పోయాయండి. ముక్క తప్పు కాదు."

ఆవిడ ఎడమచేత్తో సంచిలోంచి ముక్క తీసుకుని చూశారు. తర్వాత అడిగారు. "స్క్రీను మీద ఏం రాసుంది?"

"తెలియదండి."

"చదవకుండా నొక్కావా?"

"చదవడం రాదండి."

"పనిలో ఎన్నేళ్ళు?"

"నలభై రెండండి."

"నలభై రెండేళ్ళు ఎలా నెట్టుకొచ్చావయ్యా!" అని, వెంటనే, "బయట అరుగు మీద కూర్చో. నీ ముఖం చూస్తే తిట్లు వస్తున్నాయి. పొద్దున్నే ప్రార్థన చేసుకున్న నోరు" అన్నారు.

కూర్చున్నాను. లోపల మిషను తగిలించిన చప్పుడు, ఆట మొదలైన పాట వినిపించాయి. తర్వాత బటను చప్పుడు. టక్, టక్, ఆగి ఆగి. కాసేపటికి ఆగకుండా టకటకటక. చెవితో మిషన్లు పరీక్ష చేసినవాణ్ణి, ఆ వరస నాకు తెలుస్తోంది. ఎక్కడా తడబాటు లేదు. అంతలో లోపలి నుంచి కేక.

"ఏవయ్యా, ఇలా రా!"

వెళ్ళాను. స్క్రీను మీద పట్టికలో ఒకే ఒక చేప, పరిగె పిల్ల. ఆవిడ టీవీ వైపు చూడడం లేదు. ఒళ్ళో పెట్టుకున్న తన కుడి బొటనవేలినే చూస్తున్నారు.

"రెండేళ్ళ కిందట దీనికి పదిహేను రోజులు పట్టింది. ఇవాళ పావుగంట కూడా పట్టలేదు" అన్నారు మెల్లిగా. "అంటే ఆ ముక్కలో ఉన్నదే కాదన్నమాట. ఇందులోకి దిగింది."

ఆ జపాను ఇంజినీరెవరో తన బల్ల ముందు కూర్చుని, వేలు ఎంత దూరం పోతుంది, ఎంత బలంతో నొక్కుతుంది, రబ్బరు ఎంత మెత్తగా ఉండాలి అని కొలిచి ఉంటాడు. వాడికి గుండుగొలను తెలియదు. రూతమ్మ గారు తెలియదు. పడిపోయిన వేలిని లేపుతున్నానని వాడనుకోలేదు. కానీ రబ్బరు షీటు పైకి తోసింది, వేలు కిందికి తోసింది, రెండేళ్ళు. ఇంత చిన్న సామాను మనిషి నరంలోకి దారి చేసింది.

"నువ్వెలా నొక్కావో చూపించు" అన్నారు. చూపించాను. వద్దనడానికి కిందికి, అవుననడానికి కుడికి. ఆవిడ రెండుసార్లు చేయించి చూశారు.

"నీ వేలు వేరే కంపెనీ బళ్ళో చదువుకుందయ్యా. నా మిషను ఇంకో బడిది. ఇద్దరు పంతుళ్ళు చెరోరకం నేర్పితే పిల్లాడు ఏం చేస్తాడు? చదివి నొక్కాలి." అని కాస్త ఆగి, "ఆదివారం చర్చి అయ్యాక రా. పలక నువ్వే తెచ్చుకో. నా చేపలు నేను పట్టుకుంటాను, నీ అక్షరాలు నువ్వు పట్టుకో" అన్నారు.

వెళ్ళాను. యాభై మూడేళ్ళ వయసులో పలక పట్టుకుని బస్సులో కూర్చుంటే కండక్టరు, "మనవడికాండీ?" అని అడిగాడు. నాకేనన్నాను. టిక్కెట్టు కొట్టి వెళ్ళిపోయాడు. టీచరు గారు మెత్తగా చెప్పే రకం కాదు. "'ళ'కి ఆ తోకేమిటి, గేదెకున్నట్టు" అనేవారు. ముందు తెలుగు, తర్వాత ఇంగ్లీషు పెద్దక్షరాలు. ఆవిడ ఆడుతుంటే స్క్రీను మీద వచ్చే మాటల్ని నేను కూడబలుక్కుని చదవాలి. అవును, కాదు, దాచు, తుడిచెయ్యి. ఈ నాలుగు ఇంగ్లీషు మాటలూ నా పేరుకంటే ముందు వచ్చాయి నాకు.

నవంబరులో ఆవిడకి తోడుగా పెన్షను ఆఫీసుకి నేనే వెళ్ళాను. సంతకం పెట్టారు. వంకరగా ఉంది, పెట్టడానికి చాలాసేపు పట్టింది, కానీ పూర్తి పేరు. గుమాస్తా పాత సంతకంతో పోల్చి చూసి, "కలవడం లేదండి. వేలిముద్ర వేసెయ్యండి, గొడవుండదు" అన్నాడు.

"అయితే నేను బతికున్నట్టా, లేనట్టా?" అన్నారు టీచరు గారు.

"బతికున్నారండి, సంతకమే..."

"దానికీ బాగోలేదు, కోలుకుంటోంది. ఇదే కొత్త సంతకం. రాసుకో."

పై అధికారిని పిలిచారు. ఆయన ఆవిడ దగ్గర చదువుకున్నవాడేం కాదు, మామూలు మనిషి. కొత్త నమూనా సంతకానికి ఒక ఫారం ఉంటుందని చెప్పి ఇప్పించాడు. మూడుచోట్ల సంతకం పెట్టాలి. మూడూ పెట్టారావిడ. మూడోది ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని మరీ పెట్టారు. వేలిముద్ర లేకుండా కాగితం లోపలికి పోయింది.

తర్వాత ఆ కౌంటరులో ఇంకా ఏడేళ్ళు పనిచేశాను. జపాను నుంచి ఒకాయన తెచ్చుకున్న బొమ్మల కంపెనీ మిషను ఒకసారి బెంచీ మీదికొచ్చింది. అందులో కుడివైపు సున్నా అవును, కిందున్న ఇంటూ కాదు. అంటే వాళ్ళ సొంత దేశంలో ఒక రకం, బయట ఒక రకం. నెట్టు కంపెనీ వాళ్ళది కింది బటనే అవును. ప్లస్సు కంపెనీ ఇప్పటికీ కుడి మార్చలేదు. ఏ చేతిమిషను ఇచ్చినా మనిషి మొదట వేలు ఎటు వేస్తాడో చూసి, వాడు ప్లస్సు కంపెనీ ఇంట్లో పెరిగాడో కాదో చెప్పేవాణ్ణి. చాలాసార్లు తప్పలేదు. ముగ్గురు వ్యాపారస్తులు పోటీపడి లోకంలో ఇంతమంది వేళ్ళని రెండు దారుల్లో తిప్పారంటే, ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

మా పద్ధతి మారింది. మెమరీ కార్డు వస్తే, ముట్టుకునే ముందే మంచి మిషనులో పెట్టి ఇంకో ముక్కలోకి నకలు తీయాలి. నకలు తీశామని జాబ్ కార్డు మీద రాయాలి. ఆ వరస నేనే రాసేవాణ్ణి. ప్రసాదు గారు కూడా కాలిపోయిందనే మాట నా బెంచీ సామాను గురించి మళ్ళీ అనలేదు.

నేర్చుకున్నది ఇంతే. చేతికి వచ్చిన పని చెయ్యి చేస్తుంది, ఆ చేతిని ఎవరు తయారు చేశారో అది మనకి చెప్పదు. కాబట్టి చదవలేని ప్రశ్న ఎదురైతే అవునూ అనకూడదు, కాదూ అనకూడదు. చేతిలోది బల్ల మీద పెట్టి, నాకు చదవడం రాదు, ఇదేమిటో చెప్పండి అని గట్టిగా అడగాలి. నేను ఆ మాట పదకొండేళ్ళప్పుడు అనాల్సింది.